గడప ఇవతలి బండలు

భూపాలపల్లి,
జనవరి చివర.

అక్కా,

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. నవ్వుకో. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది పొద్దంతా మీ మరిది చేతిలోనే ఉంటుంది. ఎవరు చేసినా ముందు ఆయనే ఎత్తుతాడు, మెసేజ్ వస్తే చదివి నాకు వినిపిస్తాడు. ఉన్నది ఒకటిన్నర గది. బయటికి పోయి మాట్లాడితే "ఎవలతోని గంత గుసగుస?" అంటాడు. ఆయన వినకూడని మాట నీకు చెప్పాలి. అందుకే బిడ్డ తేజస్విని నోటుబుక్కులోంచి కాగితాలు చింపుకొని మెట్ల కింద కూర్చొని రాస్తున్నా.

వరంగల్ దవాఖానలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇంక మందులతోని అయ్యేది లేదమ్మా. ఇంటికి తీస్కపోయి మంచిగ చూస్కోండి. ఏది తినబుద్ధయితే అది పెట్టుండి" అన్నాడు. కాలేయం మొత్తం పోయిందట. ఆయనకు మాత్రం కామెర్లు ముదిరాయనీ, పథ్యం చేస్తే తగ్గుతుందనీ చెప్పాను. నమ్మాడు. ఎండలు తగ్గాక మళ్ళీ ఆటో తీస్తానంటున్నాడు. ఆయన అట్లా అన్నప్పుడు నేను వంట దగ్గరికి పోయి ఏదో ఒక గిన్నె తోముతా.

ఇంతకన్నా పెద్ద కష్టం ఉండదనుకున్నా. ఉంది. నిన్న ఓనరమ్మ వచ్చి, "చెల్లె, తప్పుగ అనుకోకు. కిరాయి ఇంట్ల గసొంటిది జరిగితే మాకు కష్టమైతది. నచ్చత్రం మంచిగ లేకుంటే ఆర్నెల్లు ఇల్లు మూసుకోవాలె. జర ముందుగల్లనే ఏమన్న చూస్కో" అంది. ఆమె కళ్ళలోనూ నీళ్ళున్నాయి. ఎవరిని తిట్టను?

రేగొండ రోడ్డులో మన ఇల్లు సంగతి నీకు తెలుసు. గోడలు లేచాయి, స్లాబు పడింది, తలుపులు పెట్టాం. అక్కడికి ఆగింది. గదుల్లో నేల లేదు, మోకాలిలోతు గుంతలే ఉన్నాయి. నిరుడు దించుకున్న షాబాదు బండలు గోడకు ఆనించి ఉన్నాయి. మేస్త్రీలు ఎండాకాలం దాకా ఖాళీ లేమంటున్నారు. అప్పటిదాకా ఆయన ఆగుతాడా?

ఆఖరు గడియలో మనిషిని మంచం మీంచి నేల మీదికి దించుతారు కదా. ఆయనను దించడానికి నాకు సొంత నేల కావాలి. నేనే పరుస్తా. ఎట్లా పరచాలో రాయి. జవాబు పక్కింటి సోమ్లీ పేరు మీద పంపు.

నీ చెల్లె,
స్వరూప

*

జనగామ,
ఫిబ్రవరి.

చెల్లె స్వరూపకు,

ఏడవడానికి తర్వాత కావలసినంత తీరిక దొరుకుతుంది. ముందు పని చెబుతా, విను.

నేనే వచ్చేదాన్ని. మోకాళ్ళ ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, బాత్రూముకు పోవాలన్నా గోడ పట్టుకోవాలి. ఇన్నేళ్ళు గొంతుకూర్చొని బండల సందులు నింపితే మోకాళ్ళు ఊరుకుంటాయా?

మొదట గుంతలు నింపు. మొరం ఒక్కసారే పోయకు. జానెడు పోసి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో గుద్ది, మళ్ళీ జానెడు. ఇక్కడ తొందరపడితే వానాకాలంలో నేల కుంగుతుంది, తర్వాత ఎన్ని బండలు మార్చినా లాభం లేదు. గోడల మీద లెవలు గుర్తులు పెట్టుకో. లోపలి నీళ్ళు కనిపించే సన్నని పైపులో నీళ్ళు నింపి ఒక కొస నువ్వు పట్టుకో, ఒక కొస తేజస్విని పట్టుకుంటుంది. రెండు కొసల్లో నీళ్ళు ఎక్కడ నిలిస్తే అదే సమానం. కడిగిన నీళ్ళు వాకిలి వైపు పోయేటట్టు వేలెడు వాటం ఇవ్వు.

బండల్ని వాడే ముందు నీళ్ళతో బాగా తడుపు. ఎండిన బండ మాలులోని తడి మొత్తం తాగేస్తుంది, పట్టు రాదు. మాలు అంటే ఇసుకా సిమెంటూ, మరీ జారుగా వద్దు. లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెనక్కి వాకిలి దాకా రా, లేకపోతే పరిచిన బండల మీదే నడవాల్సి వస్తుంది. బండ పెట్టాక చెక్క సుత్తితో మెల్లగా తట్టు. చెవి పెట్టి విను. కింద ఖాళీ ఉంటే డబ్బా మోగినట్టు డొల్లగా మోగుతుంది. అప్పుడు బద్ధకించకు. తీసెయ్, ఇంకాస్త మాలు వెయ్, మళ్ళీ పెట్టు. సందుల్లో సిమెంటు పాలు మర్నాడు పొయ్యి. ఆ తర్వాత గోనెసంచులు పరిచి తడుపుతూ ఉండు.

మీ బావ పోశయ్య ఉన్నన్నాళ్ళు నేను మాలు కలిపి అందించేదాన్నే. ఆయన పోయాకే బండ పట్టా. చేతులు వాటంతట అవే నేర్చుకుంటాయి. నీ చేతులూ నేర్చుకుంటాయి.

మరిదికి పెరుగన్నం సయిస్తున్నదా? పుల్లటిది పెట్టకు.

అక్క,
భాగ్యమ్మ

*

భూపాలపల్లి,
ఫిబ్రవరి నడుమ.

అక్కా,

రెండు గదులూ నిండాయి. సోమ్లీ తట్టలు ఎత్తింది, తేజస్విని కాలేజీ నుంచి వచ్చి దిమ్మిస గుద్దింది. దాని అరచేతులు బొబ్బలెక్కాయి. "చేతులు పగిలినయ్ అమ్మా, రేపు రికార్డు ఎట్ల రాయాలె?" అంటూనే మళ్ళీ దిమ్మిస అందుకుంది. అది దేని కోసం గుద్దుతున్నదో దానికి చెప్పలేదు. అది అడగనూ లేదు. పదిహేడేళ్ళ పిల్ల అడగకపోతే తెలిసినట్టే కదా అక్కా.

నడిమి గదిలో బండలు మొదలుపెట్టా. మొదటి రోజు పెట్టినవన్నీ డొల్లే. నువ్వు చెప్పినట్టు డబ్బాలాగా మోగాయి. అన్నీ పీకేశా. ఇంటికొచ్చి ఆయనకు అన్నం కలిపి పెడుతుంటే ఒక్క బండ కూడా కుదరలేదని గుర్తొచ్చి ఏడుపొచ్చింది. కారం ఎక్కువైందన్నాను. ఇప్పుడు నయం. బండ కిందికి మాలు సర్దుకుంటే సుత్తి చప్పుడు మందంగా, నిండుగా వస్తుంది. ఆ చప్పుడు విన్న రోజు ఆకలేస్తుంది.

స్కూలు బట్టలు కుట్టడానికి దర్జీ కొట్టుకు పోతున్నానని ఆయనకు చెప్పా. "గీ ఒంట్లె బాగలేనోన్ని ఇడిసిపెట్టి ఏం కుట్టుపనే?" అని మొదట అలిగాడు. ఇప్పుడు పొద్దున్నే ఆయనే "జల్ది పో, ఆలస్యమైతది" అంటున్నాడు.

మొన్న రేగొండ నుంచి వాళ్ళ అన్న కనకయ్య బావ వచ్చాడు. పని చూసి సంతోషిస్తాడనుకున్నా. బండల మీద చెయ్యి పెట్టి చూసి, బయటికొచ్చి తల పట్టుకు కూర్చున్నాడు. "మంచిగ పరిచినవ్ బిడ్డ. కని గిప్పుడు మూఢాలు నడుస్తున్నయ్. పాలు పొంగియ్యకుంట ఇంట్లకు తోల్కపోవుడేంది? కొత్తింట్ల మొదలు పీనుగ లేస్తదా? నచ్చత్రం మంచిగ లేకుంటే గీ ఇల్లు గుడ మూసేస్తరు. ఆడిపిల్లను పట్టుకొని ఏడికి పోతవ్?" అన్నాడు. చెడ్డమనిషి కాదక్కా. తమ్ముడి కోసం ఆయనా ఏడ్చాడు. కానీ నా చేతులు అక్కడే ఆగిపోయాయి. అప్పటి నుంచి బండ ముట్టలేదు.

ఎందుకొచ్చిన పని ఇది? దవాఖానలోనే పడకేయిస్తే అక్కడే అయిపోతుంది. బావ కూడా మానుకోట దవాఖానలోనే కదా పోయింది. నువ్వు తట్టుకోలేదా?

స్వరూప

*

జనగామ,
ఫిబ్రవరి.

స్వరూపా,

మీ బావ దవాఖానలో పోలేదు.

నీకు అప్పుడు తేజస్విని పుట్టి నాలుగు రోజులు. పచ్చి బాలింతవు. నీకు చెప్పొద్దని అందరితో ఒట్టు వేయించుకున్నా. తర్వాత చెప్పాల్సిన అవసరం రాలేదు. అవసరం రావద్దనే కోరుకున్నా.

మానుకోటలో ఆయన పరచని వీధి లేదు. దుకాణాలు, షావుకార్ల ఇళ్ళు, స్కూలు వరండా, ఏది చూసినా ఆయన చేతి బండలే. మేమున్నది మాత్రం స్టేషను వెనక కిరాయి గది. ఆయనకు దమ్ము ఎక్కువైన రోజు డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. రిక్షాలో గది దగ్గరికొచ్చేసరికి తాళం మీద ఇంకో తాళం ఉంది. ఓనరు మంచిగానే మాట్లాడాడు. "భాగ్యమ్మా, సామాను ఏడికీ పోదు. అయినంక వచ్చి తీస్కో" అన్నాడు.

మోరీ పక్కన టార్పాలిన్ కట్టారు. అప్పుడు వాన. కింద చాప వేస్తే తడిసింది, ప్లాస్టిక్ సంచులు వేస్తే వాటి మీద నీళ్ళు నిలిచాయి. ఆయన తల నా ఒడిలో పెట్టుకున్నా. పోయేవాళ్ళు బండ్లు ఆపి చూసి పోతున్నారు. ఎదురుగా ఒకళ్ళ అరుగు. ఎర్రబండల అరుగు, మేమిద్దరం ఎండలో కూర్చొని పరిచిందే. ఆయన దాని వైపు చూసి "గాడికి తీస్కపోవే, చలిపెడ్తున్నది" అన్నాడు. నేను పోయి అడిగా. వాళ్ళు తలుపు వేసుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆయన ఆ తడిలోనే ఉన్నాడు, అక్కడే పోయాడు.

నేను తట్టుకోలేదు చెల్లె. జనగామలో ఈ రెండు గదులూ నా చేత్తో ఎందుకు పరుచుకున్నాననుకున్నావు? నేనన్నా రోడ్డు మీద పోవద్దని.

కనకయ్య చెప్పింది అబద్ధం కాదు, నక్షత్రాలు ఉన్నాయి, మూఢాలు ఉన్నాయి. వాన కూడా ఉంటుంది. రోడ్డు కూడా ఉంటుంది. సుత్తి పట్టుకో. నాకు ఇంకో మాట రాయకు, పని ఎంతవరకు వచ్చిందో రాయి.

భాగ్యమ్మ

*

భూపాలపల్లి,
మార్చి మొదట్లో.

అక్కా,

నీ ఉత్తరం సోమ్లీ ఇంట్లో చదివి, అక్కడే గోడకు ఆనుకొని కూర్చుండిపోయా. ఇన్నేళ్ళు నువ్వు మా ఇంటికి వచ్చి తేజస్విని పుట్టినరోజు చేసి పోయేదానివి. ఆ రోజుల్లోనే నువ్వు మోరీ పక్కన బావ తల ఒడిలో పెట్టుకొని కూర్చున్నావని నాకు తెలియదు. నాకు నిన్ను కొట్టాలనీ ఉంది, పట్టుకొని ఏడవాలనీ ఉంది.

నడిమి గది అయిపోయింది. లోపలి గది కూడా అయిపోయింది. కానీ ఒక తప్పు చేశా. నడిమి గదిలో సిమెంటు మరకలు పోవడం లేదని సామాన్ల కొట్టు అతను యాసిడ్ సీసా ఇచ్చాడు. పోయగానే బుసబుసమని పొంగింది. మరకలు పోతున్నాయని సంబరపడ్డా. కడిగి చూస్తే నల్లబండలు తెల్లగా పొక్కిపోయాయి, చెయ్యి పెడితే గరుకుగా ఉన్నాయి. గది నడుమ ఎడ్లబండి చక్రమంత మచ్చ. ఏం చేయాలి?

స్వరూప

*

జనగామ,
మార్చి.

ఓసి పిచ్చిదానా,

యాసిడ్ పోయమని నేను చెప్పానా? షాబాదు అంటే సున్నపురాయి. యాసిడ్ దాన్ని కొరుక్కు తింటుంది. టైల్సుకు పోసినట్టు పోస్తారా ఎవరన్నా? సిమెంటు మరకలు ఆ రోజే తడిగుడ్డతో తుడవాలి. ఎండితే చెక్కపేళ్ళతో, ఇసుకతో రుద్ది తీయాలి. కొట్టువాడికి సీసా అమ్ముడుపోవాలి, నీ బండలతో వాడికేం పని?

పోయింది తిరిగిరాదు. నీళ్ళతో బాగా కడిగి, పాలిష్ రాయి దొరికితే నీళ్ళు పోస్తూ రుద్దు. గరుకు తగ్గుతుంది, తెలుపు ఉంటుంది. ఇక ముందు వట్టి నీళ్ళతోనే కడుగు. నిమ్మకాయ, చింతపండు పడినా వెంటనే తుడువు, అవీ తింటాయి.

ఈ నాలుగు ముక్కలు రాసి మడిచి పెట్టా, మళ్ళీ విప్పా. నేను తిట్టింది బండల గురించి కాదు. నిద్ర పట్టడం లేదు. మరిది ఎట్లా ఉన్నాడో నువ్వు రాయలేదు. రాయనంటే నాకు అర్థమవుతుంది. కాళ్ళకు నీరు దిగిందా? మాట తడబడుతున్నదా? గది నడుమ మచ్చ ఉంటే ఉండనీ, తీసుకుపో.

అక్క

*

భూపాలపల్లి,
మార్చి నడుమ.

అక్కా,

ఆయనకు తెలుసు.

ఇన్నాళ్ళూ ఎంత తెలివిగా దాచాననుకున్నా. మొన్న అన్నం తినిపిస్తుంటే నా చెయ్యి పట్టుకొని గోళ్ళు చూశాడు. "బట్టలు కుట్టెటోళ్ళ గోర్లల్ల సిమెంటుంటదానే?" అన్నాడు. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నా. "ఎన్ని అర్రలైనయ్?" అన్నాడు. రెండు గదులూ అయ్యాయన్నా. "నాకు చూడబుద్ధైతున్నది, తీస్కపో" అన్నాడు. డాక్టరు ఏమన్నాడో అడగలేదు. ఓనరమ్మ నాతో మాట్లాడిన రోజు ఆయన మెలకువగానే ఉన్నాడట. ఇన్ని రోజులు నేను ఆయనను నమ్మించాననుకుంటే, ఆయనే నన్ను నమ్మించాడక్కా.

కనకయ్య బావ ఆటో తెచ్చాడు. మన కొత్తింటి వాకిట్లో మంచం వేసి, ఎండ తగలకుండా పైన టార్పాలిన్ కట్టాడు. ఆ టార్పాలిన్ చూడగానే నాకు పోశయ్య బావ గుర్తొచ్చి ఇంటి వెనక్కి పోయా.

ఇద్దరం కలిసి రెక్కలు పట్టి లేపి, లోపలికి తీసుకుపోబోయాం. గడప ముందు ఆయన కాళ్ళు బిగబట్టాడు. "ఆగుండ్రి. నేను కడప దాట" అన్నాడు.

"ఇల్లు నీదే కదా, మూఢం లేదు గీఢం లేదు, దాటు" అని నేనే ముందుగా అన్నా. కనకయ్య బావ కూడా "దాటురా తమ్మీ, ఏమైతె అదైతది, నేను చూస్కుంట" అన్నాడు. అంత పట్టుబట్టిన మనిషి ఆ మాట అంటాడని నేను అనుకోలేదు.

ఆయన వినలేదు. "లోపట నా పానం పోయిందనుకో. నచ్చత్రం మంచిగ లేదంటరు, ఆర్నెల్లు తాళమేస్తరు. కిరాయి ఇంటామె ఉండనియ్యది. అప్పుడు నువ్వు, పిల్ల ఏడుంటరు? గింత కష్టపడి పరిచింది తాళమెయ్యనీకానే? వరండల బండలు పరువు. వరండ ఇంటిదే, కని ఇంట్లకు రాదు. నన్ను గీడ్నే దించుండ్రి" అన్నాడు. అట్లా అంటుంటే రేపు ఆటో ఎక్కడ నిలపాలో చెబుతున్నట్టే ఉంది.

వరండాలో నేను మొరం మాత్రమే పోశా. బండలు పరచలేదు, గదులైతే చాలనుకున్నా. ఇప్పుడు పరుస్తున్నా. ఆయన మంచం మీద పక్కకు తిరిగి పడుకొని చూస్తుంటాడు. లెవలు పైపు ఒక కొస ఆయనే పట్టుకుంటున్నాడు. చెయ్యి వణికితే నీళ్ళు ఊగుతాయి. "ఆగు, నీళ్ళు నిలవనీ" అంటాడు. నేను సుత్తితో తడితే అక్కడి నుంచే చెవి పెట్టి "గా బండ డొల్ల, తియ్యి" అంటాడు. తీస్తా. మళ్ళీ పెడతా. నిన్న ఒక బండ పెట్టి, దాని మీద ఆయన తల వస్తుందా, భుజం వస్తుందా అని నా మనసు కొలవడం మొదలుపెట్టింది. సుత్తి కింద పడేశా. ఆయన "ఏమైందే, దెబ్బ తాకిందా?" అని అడిగాడు. నేను ఎవరి కోసం పరుస్తున్నానో ఇద్దరికీ తెలిసి, ఇద్దరం వాటం గురించే మాట్లాడుకుంటున్నాం.

తెరిచిన తలుపులోంచి నడిమి గది ఆయనకు కనిపిస్తుంది. యాసిడ్ మచ్చ చూసి "గదేందే తెల్లగ?" అన్నాడు. సిగ్గుపడుతూ చెప్పా. నవ్వాడక్కా. చాలా రోజులకు పళ్ళు కనిపించేటట్టు నవ్వాడు. "ఇగ పాలు పొంగిచ్చుడెందుకు, నువ్వు ముందుగల్లనే పొంగిచ్చినవ్ గద" అన్నాడు.

ఇప్పుడు ఫోన్ చేసి మాట్లాడినా ఏం కాదు. అయినా ఫోనులో నీ గొంతు వింటే నా చేతులు ఆగిపోతాయి. ఉత్తరమే రాయి.

స్వరూప

*

జనగామ,
మార్చి.

మరిది జయపాల్‌కు,

నీ పెళ్ళాం ఇది చదివి వినిపిస్తుంది. వినిపించేటప్పుడు ఏడిస్తే నువ్వే సర్ది చెప్పు, నీ మాటే వింటుంది.

మీ పెళ్ళప్పుడు నేను నిన్ను వద్దన్నానని నీకు తెలుసు. ఆటో నడిపేవాడికి ఇల్లెప్పుడు వస్తుందని అన్నా. వచ్చింది. నువ్వు రోజూ ఒక్కొక్క ఇటుక తెచ్చినట్టు తెచ్చావు. నా చెల్లెకు తల మీద స్లాబు ఇచ్చావు. లోపలికి ఎందుకు పోలేదో స్వరూప రాసింది. చదివి నేను ఆ పొద్దు పొయ్యి ముట్టించలేదు. మీ పోశయ్య అన్నను రోడ్డు మీదికి నెట్టారు. నువ్వు నీ వాళ్ళు రోడ్డు మీద పడొద్దని నీ ఇంటి బయట ఉన్నావు.

బండ చల్లగా ఉంటుంది. కింద గొంగడి వేయించుకో. పోశయ్య అన్న కనిపిస్తే, నేను నడవగలుగుతున్నానని చెప్పు. ఈ ఉత్తరం నేనే పోయి డబ్బాలో వేస్తున్నా.

నీ వదినె,
భాగ్యమ్మ

*

భూపాలపల్లి,
ఏప్రిల్ మొదట్లో.

అక్కా,

కబురు ఫోనులో విన్నావు. నువ్వు కర్రతో బస్సెక్కుతానంటే నేనే వద్దన్నా. ఆ రోజు నాకు చెప్పరాలేదు, ఇప్పుడు రాస్తా.

వరండా సందులు నింపి, గోనెసంచులు తడిపి, అవి తీసేసిన తర్వాత కూడా ఆయన రెండు దినాలు ఉన్నాడు. నీ ఉత్తరం చదివి వినిపించా. "వదినె మంచిగ రాసింది" అన్నాడు, ఆ మాటకే అలిసిపోయాడు. మర్నాడు పొద్దున శ్వాస మారింది. కనకయ్య బావ నా వైపు చూశాడు. నేను తల ఊపా. నలుగురం కలిసి మంచం మీంచి దించాం. గొంగడి వేశా. ఆయన చెయ్యి గొంగడి బయటికి జరిగి బండ మీద పడింది. వేళ్ళతో సందు వెంబడి తడిమాడు. "ఎగుడుదిగుడు లేదు" అన్నాడు. నాకే వినపడింది.

తేజస్విని నోట్లో నీళ్ళు పోసింది. ఎండ వరండా మీదికి రాకముందే అయిపోయింది. ఎవరూ మమ్మల్ని లేవమనలేదు. ఎవరూ తాళం వేయలేదు. జనం వచ్చి వరండా నిండా కూర్చొని ఏడ్చారు. మన నేల మీద మనం గట్టిగా ఏడ్చుకున్నాం. ఇది నువ్వు ఇచ్చిందే.

అయ్యగారు నక్షత్రం చూసి మంచిది కాదన్నాడు. లోపల పోయి ఉంటే ఇల్లు మూయాల్సి వచ్చేదట. అందరూ జయపాల్ ఎంత తెలివైనవాడని అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ నక్షత్రానికి ఇంకో నాలుగు రోజులు ఆగితే ఏం పోయేది? నేను రెండు గదులు పరిచా. ఒక్క బండ మీద ఆయన అడుగు పడలేదు. లోపల ఎంత చల్లగా ఉందో ఆయనకు తెలియదు.

మూఢాలు అయ్యాక పాలు పొంగించుకొని ఇంట్లోకి పొమ్మంటున్నారు. ఓనరమ్మ అప్పటిదాకా ఉండమంది.

స్వరూప

*

జనగామ,
ఏప్రిల్.

స్వరూపా,

ఒక్క మాట చెప్పడానికే రాస్తున్నా. పాలు పొంగించే రోజు ఎవరు ఏమన్నా వినకు. గిన్నె నువ్వే పట్టుకో, గడప అందరికన్నా ముందు నువ్వే దాటు. నా ఇంట్లోకి నేను వచ్చినప్పుడు ఎవరినీ పిలవలేదు. నేనే పాలు కాచుకొని, నేనే తాగి పడుకున్నా. నాకు ఏ కీడూ జరగలేదు. జరగాల్సిందంతా అంతకుముందే జరిగింది.

నీకు చుట్టాలున్నారు, నలుగురు వస్తారు. నలుగురి ముందు కష్టమే. అయినా దాటు చెల్లె.

అక్క

*

భూపాలపల్లి, మన వరండా,
మే నెల.

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేద్దామనుకున్నా. స్నానం చేసి, పొద్దున్నే పాలగిన్నె నేనే పట్టుకున్నా. గడపకు పసుపు తేజస్విని రాసింది. మామిడాకులు కట్టారు. కనకయ్య బావా, మా యారాలూ కొత్తబట్టలు కట్టుకొని దేవుడి పటంతో నిలబడ్డారు. పీటల మీద జంట కూర్చోవాలి కదా, వాళ్ళు కూర్చుంటారని ముందే అనుకున్నారు. దానికి నేను ఒప్పుకున్నా. ముందు అడుగు మాత్రం నేనే వేద్దామని గడప దగ్గరికి పోయా.

మీ మరిది మేనత్త సాయమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "స్వరూపా, జర ఆగు బిడ్డ. వాళ్ళు పోనీ, నువ్వు ఎనుక రా" అని నా చేతిలోంచి గిన్నె తీసుకొని యారాలికి ఇచ్చింది. తిట్టలేదు. విసుక్కోలేదు. తల నిమిరింది కూడా. తిట్టి ఉంటే నీ మాట గుర్తొచ్చి తిరగబడేదాన్ని. అంత ప్రేమగా చెబితే పక్కకు జరిగి దారిచ్చా. యారాలు కూడా గిన్నె పట్టుకొని నా ముఖం చూడలేకపోయింది.

ఆ గడప నేను ఎన్నిసార్లు దాటానో నీకు తెలుసు. నెత్తి మీద మొరం తట్టతో దాటా, తడిసిన బండ పొట్టకు ఆనించుకొని దాటా, ఏడుస్తూ దాటా. అప్పుడు ఏ కాలు ముందు పెట్టానో ఎవరూ చూడలేదు. నేను దాటితే కీడని ఎవరూ అనలేదు. నేల అయిపోయాక అది గడప అయ్యింది.

అందరూ లోపలికి పోయారు. నేను వెనక్కి వచ్చి మీ మరిదిని దించిన చోట కూర్చున్నా. కోపమా, దుఃఖమా నాకే తెలియలేదు. కాసేపటికి తేజస్విని లోపలి నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చి గడప మీద ఆగింది. "రా అమ్మా, పిలుస్తున్నరు" అంది. నువ్వు పో, నేను తర్వాత వస్తానన్నా. అది లోపలికి చూసింది, నా వైపు చూసింది.

"బాపు దాటకపాయె. నిన్ను దాటనియ్యకపాయిరి. నేనొక్కదాన్ని ఏం జేయాలె లోపట?" అంది. వచ్చి నా పక్కన కూర్చుంది.

లోపల పాలు పొంగాయని అందరూ సంబరంగా కేకలు వేశారు. మేమిద్దరం లేవలేదు.

స్వరూప